లోపలికి వెళ్ళని డాక్టరు

"సంతకం పెట్టకండి డాక్టరుగారూ! మతి చలించిందని మీరు రాస్తే రేపట్నుంచి నా ఉద్యోగం హుళక్కే. ఇంట్లో అందరూ నా మీదే బతుకుతున్నారు."

కట్టెగుజ్జును కరిగించి పట్టులాంటి దారం తీసే మిల్లు అది. బతిమాలుతున్న పొడుగాయన దారం హాల్లో పనివాడు. డాక్టరుకు జాలి వేసింది. అలాగని పిచ్చివాణ్ణి యంత్రం దగ్గర ఎలా నిలబెడతాడు?

"తడిబట్టలతో ఎవరో నీ వెనకాలే నిలబడుతున్నారని చెప్పింది నువ్వేగా?"

"కనబడుతోంది కాబట్టి చెప్పాను సార్. సెలవు పెట్టి ఇంట్లో ఉంటే ఎవరూ ఉండరు. హాల్లోకొచ్చానా, మళ్ళీ ప్రత్యక్షం!"

మూలనున్న నర్సు కిసుక్కున నవ్వింది. "పని ఎగ్గొట్టే వేషాలు. అయినా మీరూ ఒకసారి లోపలికెళ్ళి చూడొచ్చుగా?"

"నువ్వూరుకో. రోగం మనిషిలో ఉంటుంది, మిల్లులో కాదు," అని కసిరాడు డాక్టరు. పొడుగాయన బిక్కమొహం వేశాడు.

నిజానికి డాక్టరు ఆ హాలు గడప తొక్కిన పాపాన పోలేదు. కొత్తలో తన గది కిటికీలోంచి వచ్చే కుళ్ళు ముల్లంగి కంపుకే ఆయన ముక్కు మూసుకునేవాడు. ఇప్పుడు అదీ అలవాటైపోయింది.

కలం తీశాడో లేదో, ఫోను మోగింది. వేరే ఊళ్ళో ఇలాంటి మిల్లులోనే డాక్టరుగా ఉన్న అక్క.

"ఒరేయ్, పొద్దున నువ్వు చెప్పిన మనిషి గురించే. తొందరపడి పిచ్చని రాసేయకు! ఆ గుజ్జు కరిగించే మందు ఆవిరి మెదడుకెక్కుతుందిరా. లేని మనుషులు కనబడతారు, మాట్లాడతారు కూడా. అసలు ఆ ఆవిరి ఎటు పోతోందో ఎప్పుడైనా చూశావా?"

డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. కాగితం పరపరా చించేశాడు.

"నీ నోటికాడి కూడు తీసేసేవాణ్ణయ్యా, క్షమించు. ఇంతకీ హాల్లో ఆవిరి ఎటు పోతుంది?"

"ఫ్యాన్లు బయటికి తోసేస్తాయి సార్. ఇదిగో, మీ కిటికీ పక్కకే."

డాక్టరు గభాలున లేచి కిటికీ మూశాడు.

"నర్సమ్మా, ముందు ఈయనకు రక్తం తీయాలి. సూది సిద్ధం చేయి."

ఆమె చిరునవ్వుతో తలూపింది. పొడుగాయన ఆ మూలకేసి చూశాడు, డాక్టరుకేసి చూశాడు.

"ఇందాకట్నుంచీ ఎవరితో మాట్లాడుతున్నారు డాక్టరుగారూ? దయ్యాలు కనబడేవాణ్ణి, నాక్కూడా అక్కడెవరూ కనబడటం లేదే!"