రెండు, అయిదు, ఒకటి

నార్వేలో ఓ పాత గని లోపల ఆసుపత్రి సర్వరు ఉంది. పోయిన వారం నెట్ దొంగలు అందులో దూరారు. మళ్లీ దూరితే దాన్ని చూసుకునే తూరిడ్ ఉద్యోగం ఊడుతుంది. అందుకే సూర్యుడు మొహం చూపని ఆ డిసెంబరు సాయంత్రం ఆమె గనిలో సర్వరు పక్కనే ఒంటరిగా కూర్చుని, బయటి నుంచి అందులోకి వచ్చే దారులు, అంటే పోర్టులన్నీ మూసేసింది. ఒక్కదాన్ని మాత్రం రెండు, అయిదు, ఒకటి లెక్కన తడితేనే తెరుచుకునేలా పెట్టింది.

"ఆ లెక్క ఎక్కడన్నా రాసిపెట్టావా పిల్లా?" తోటి ఉద్యోగి ఐవిండ్ ఫోనులో అడిగాడు.

"నా బుర్రలో ఉంది. అక్కడికి దొంగలు రారులే, పడుకో ముసలోడా."

ఫోను పెట్టేయగానే ఫ్యాన్ల హోరులో తలుపు తట్టిన చప్పుడైంది. రెండుసార్లు. కాసేపాగి అయిదు. ఇంకాసేపటికి ఒకటి. అది బయటి తలుపు కాదు, గని అడుగుకు పోయే వెనక తలుపు. దాని అవతల నలభై ఏళ్లుగా నీళ్లే.

తెర మీద పోర్టు తెరుచుకుంది. మూయబోయిన తూరిడ్ ఆ పని వదిలేసి వెనక తలుపు వైపు తిరిగింది.