డబ్బాలో ఊపిరి

"పెద్ద స్పీకర్‌లో పెట్టుకో దేవా. ఈ డబ్బా ఎవురికి వినబడతాది?" కీబోర్డు నటరాజ్ నవ్వాడు.

"మా వదినకి వినబడితే చాలన్నా."

కడంబత్తూరు చర్చిలో వార్షికోత్సవం. టిఫిన్ క్యారియర్ అంత ఉన్న ఆ పాత యాంప్లిఫయర్, దేవా చనిపోయిన అన్న ఆనందరాజ్‌ది. మౌత్ ఆర్గన్‌నూ మైకునూ కలిపి గుప్పిట మూసి దేవా వాయిస్తే, ఏడాదిగా డబ్బాలోంచి స్వరాల మధ్య సన్నగా పిల్లికూతలు వినబడుతున్నాయి. చివరి రోజుల్లో అన్న ఊపిరి అలాగే ఉండేది. అందుకే వదిన ఎస్తేరు, దేవా ఎక్కడ వాయించినా ఆ డబ్బా పక్కనే కూర్చుంటుంది.

రెండో చరణంలో డబ్బా చిటపటలాడి ఆగిపోయింది. దేవా మైకు పక్కన పెట్టి, ఉత్త మౌత్ ఆర్గన్‌తోనే పాట ముగించాడు. డబ్బాకు చెవి ఆనించి ఉన్న ఎస్తేరు మెల్లగా తలెత్తి అతనివైపే చూస్తూ ఉండిపోయింది.

"డబ్బా కాలిపోయింది వదినా. ఈరోజు అన్న వినబడలేదు."

"వినబడినాడు."

"యాడ?"

"నీ రొమ్ములో."

దేవా ఊపిరి బిగబట్టాడు. పిల్లికూత ఆగింది. వదిలాడు. మళ్లీ వచ్చింది.

"పట్టాభిరామ్ ఊళ్లో ఆ పట్టరై కార్ఖానాలో, మీ అన్న దుమ్ము పీలుస్తా నిలబడిన గ్రైండింగ్ మిషన్ కాడనే గదా నిన్నూ నిలబెట్టినారు?"

"అన్న జాగా అని నాకే ఇచ్చినారు వదినా. మూడేండ్లాయె."

ఎస్తేరు డబ్బాను తన పక్కనుంచి దూరంగా జరిపింది.

"ఏడాదిగా ఆ పిల్లికూతను వినేదానికే గదా దేవా, నేను వస్తా ఉండేది."