మార్స్ మీద ఏరు

ఆరో రోజు కూడా ఈతగాళ్ళు ఒట్టి చేతులతోనే ఒడ్డెక్కారు.

"యహా భీ నహీ హై, దీదీ," ఇక్కడా లేడని చెప్పాడు వాళ్ళలో పెద్దవాడు.

కల్యాణి తలూపింది. జుగ్సలాయి పేట వెనక ఖర్కాయి నదిలో వరద తీస్తోంది. అక్కడక్కడా ఇసుక మేటలు తేలాయి. ఒక మేట మీద కొంగలు వాలాయి. ఆమె అటు చూడలేదు.

వరదొచ్చిన సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ ఆమె తండ్రి అప్పలరాజు సైకిలుతో సహా కొట్టుకుపోయాడు. సైకిలు దొరికింది. మనిషి దొరకలేదు.

మేనమామ సూర్యం ఇక ఆగలేకపోయాడు.

"ఏటమ్మా కల్యాణీ! మార్స్ మీద కోట్ల ఏళ్ళ కిందట ఎండిపోయిన ఏరు ఎటు పారిందో సెప్పేత్తావు. దానికి డాక్టరేట్ కూడా ఇచ్చారు. మనింటెనకాల ఏరు సంగతి తెల్దేటి నీకు?"

కల్యాణి చదువంటే తండ్రికి మహా గొప్ప. ఆమె పంపిన మార్స్ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకుని, ప్లాంట్ క్యాంటీన్లో దొరికినవాడికల్లా చూపించి చెప్పేవాడు.

"ఇదిగో, ఈ ఇసక మేట సూడు. వంపులో లోపలేపు ఏరు నెమ్మదిత్తాది. మోసుకొచ్చిందల్లా అక్కడ దించేత్తాది. బయటేపు గట్టుని కోసుకుపోతాది, ఏటీ ఉంచదు. సుక్క నీళ్ళు నేకపోయినా మా పిల్ల ఇదంతా సదివేసింది!"

కల్యాణి ఇంటికి వెళ్ళేసరికి మేనత్త కస్తూరమ్మ ఏడుస్తూ తల్లి నూకాలమ్మ పక్కన కూర్చుని ఉంది.

"ఇంకేటి ఆశ వదినా! గాజులు తీసెయ్యాల."

నూకాలమ్మ చేతులు వెనక్కి దాచుకుంది.

"ముందు మనిసిని సూపించండి. సూసినాక నేను బతికుంటే కదా, గాజులు తియ్యడానికి!"

ఆ మాట మొదటి రోజు నుంచీ అంటూనే ఉంది. అన్నంతపనీ చేసే మనిషి. ఆమె రెండు ముద్దలు తినేది ఒక్క షరతు మీదే. రేపు ఎక్కడ వెతుకుతారో కూతురు చెప్పాలి.

కల్యాణి అన్నం కలిపి ముద్ద అందించింది.

"రేపెక్కడే?" అంది నూకాలమ్మ.

"రైలు బ్రిడ్జి దాటాక ఎత్తు గట్టుంది కదమ్మా. దాని కింద."

"దొరుకుతాడంటావా?"

"వెతుకుతాం. నువ్వు తిను."

నూకాలమ్మ నోరు తెరిచింది.

ఆరు రోజులుగా కల్యాణి వెతికించిన చోట్లన్నీ వంపుల్లో బయటివైపులే.