గంటకి నాలుగు కిలోమీటర్లు

"ఈ కారు నడిచింది తక్కువ, నిలబడింది ఎక్కువ బాబాయ్," అన్నాడు ఇలియాస్, స్కానరు మీంచి తల ఎత్తకుండానే.

నాగభూషణరావుకి ఆ మాట నచ్చలేదు. పద్దెనిమిది నెలల కింద ముచ్చటపడి కొన్న పెద్ద డీజిల్ కారు. నెల నుంచీ స్టీరింగు ముందు పసుపు దీపం వెలుగుతోంది. వారం నుంచీ బొత్తిగా లాగడం లేదు, ఆటోలు కూడా దాటిపోతున్నాయి. ఇలాంటి జబ్బులు కనిపెట్టడంలో మెకానిక్ ఇలియాస్ గట్టివాడని ఎవరో చెబితే, ఈపూరు నుంచి నరసరావుపేట దాకా ఈడ్చుకొచ్చాడు.

ఇలియాస్ తొందరపడే మనిషి కాదు. ముందు పొగ ఒత్తిడి కొలిచే సెన్సరు చూశాడు. దానికి వెళ్లే సన్న గొట్టాలు ఊడాయేమోనని చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. పొగలోని మసిని పట్టుకోవడానికి సైలెన్సరు దారిలో ఒక ఫిల్టరు ఉంటుంది. కారు హైవే మీద ఓ అరగంట జోరుగా పోతే ఆ వేడికి మసి కాలిపోతుంది. నిలబెట్టి ఇంజను నడిపితే కాలదు, పేరుకుపోతుంది. ఇందులో నిండా పేరుకుంది.

"ఇంజను నడిచింది ఆరొందల గంటలు. కారు తిరిగింది రెండు వేల నాలుగొందల కిలోమీటర్లు. అంటే గంటకి నాలుగు. మనిషి నడక బాబాయ్. ఎవరో ఏసీ వేసుకుని ఇందులో కూర్చుంటన్నారు."

నాగభూషణరావు చూపు తిన్నగా డ్రైవరు కోటయ్య మీదికి పోయింది. కోటయ్య చూపు టైరు మీదికి పోయింది.

మసి కాల్చడానికి ఒక పూట పడుతుందని, బుధవారం రమ్మని ఇలియాస్ పంపేశాడు.

దారి పొడుగునా నాగభూషణరావు కోటయ్య వీపు వంకే గుర్రుగా చూస్తూ కూర్చున్నాడు. ఆయన తప్పు క్షమించే రకం కాదు. సొంత తమ్ముడినే క్షమించలేదు. నాలుగేళ్ల కింద సొసైటీ ఎన్నికల్లో తమ్ముడు శేషగిరిరావు అవతలి వర్గంలో కూర్చున్నాడు. ఈయన పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఆ సాయంత్రమే ఇంట్లో శాసనం చేశాడు, పక్కింటి గడప ఎవరూ తొక్కకూడదని. తమ్ముడూ తన ఇంట్లో అదే శాసనం చేశాడు. అప్పటినుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు. పోటీలు మాత్రం ఉన్నాయి. ఈయన ఈ కారు కొన్న తొమ్మిదో రోజున పక్క ప్రహరీలోకి అలాంటిదే ఇంకొకటి, అదే తెలుపు, వచ్చి నిలబడింది.

ఇంటికి రాగానే నాగభూషణరావు తాళాలు అడిగాడు. కోటయ్య పదకొండేళ్లుగా చేస్తున్న మనిషి. ఒక్క మాట మాట్లాడకుండా తాళాలు అరుగు మీద పెట్టి, చెప్పులేసుకున్నాడు. ఎదురు చెప్పలేదంటే తప్పు ఒప్పుకున్నట్టే అనుకున్నాడు నాగభూషణరావు.

వంటింట్లోంచి భార్య రాఘవమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"తాళాలు అతనికియ్యండి. కార్లో కూర్చునేది నేను."

ఆయనకి ఒక పట్టాన ఎక్కలేదు. "నువ్వా? ఇంట్లో మూడు ఏసీలుండంగా కార్లో ఏంది?"

"ఇంట్లో మీరుంటారు కదండీ," అంది ఆవిడ.

తన గురక సంగతి ఆయనకి తెలియనిది కాదు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాలిస్తే వీధి చివరి కిరాణా కొట్టుకి వినపడుతుందని చుట్టాలు ఎగతాళి చేస్తారు. పాపం, ఇల్లాలు ఏడాదిన్నరగా కార్లో కునుకు తీస్తోందన్నమాట. జాలేసింది. తాళాలు తనే తీసుకెళ్లి కోటయ్య చేతిలో పెట్టాడు. తన మంచం ముందు గదిలోకి మార్పించుకున్నాడు. ఇక పడకగది, అందులోని ఏసీ నీవేనన్నాడు. రాఘవమ్మ అంత త్యాగానికీ పెద్దగా కదిలినట్టు లేదు. సరేనంది.

బుధవారం తనూ పేటకి వస్తానంది. ఆయన సంతోషంగా తీసుకెళ్లాడు.

తీరా చూస్తే షెడ్డులో స్కానరు తగిలించి ఉన్నది తమ్ముడి కారుకి. తమ్ముడు పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నాగభూషణరావు ఇంకో కుర్చీ లాక్కుని, వీపు అటు తిప్పి కూర్చున్నాడు.

"దీనిదీ మీ జబ్బే బాబాయ్," అన్నాడు ఇలియాస్, ఈ గొడవలేవీ తెలియక. "ఇదీ గంటకి నాలుగే."

నాగభూషణరావుకి లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది. ముందు సంతోషం. తర్వాత నవ్వు. ఆ వెనకే చనిపోయిన తండ్రి గుర్తొచ్చాడు. ఆయన గురకకి చిన్నప్పుడు ఈ ఇద్దరూ ఒకే దుప్పట్లో దూరి చెవులు మూసుకునేవాళ్లు. రక్తం ఎక్కడికి పోతుంది? కుర్చీ ఇటు తిప్పాడు.

"ఒరేయ్ శేషూ, మీ ఆవిడ కూడా కార్లోనే పడుకుంటందా?"

నాలుగేళ్ల తర్వాత తొలి మాట. పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఎందుకే అనడిగితే, ఇంట్లో మీరుంటారు కదండీ అంది అన్నయ్యా," అన్నాడు శేషగిరిరావు, దొంగతనం ఒప్పుకున్నవాడిలా.

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మొదట ఎవరు నవ్వారో ఇలియాస్ కూడా చెప్పలేడు. టీలు వచ్చాయి. సొసైటీ ఊసు ఎవరూ ఎత్తలేదు. తండ్రి ఊసే అరగంట నడిచింది.

ఈ కబురు భార్యకి చెప్పాలని నాగభూషణరావు బయటికొచ్చాడు. ఆవరణలో చెట్టు నీడన ఆయన కారు అద్దాలు మూసుకుని ఉంది, ఇంజను నడుస్తూనే ఉంది. పాపం ఇక్కడా కునుకు తీస్తోంది కాబోలనుకుని, చప్పుడు కాకుండా వెనక తలుపు తీశాడు.

తోడికోడలు హనుమాయమ్మ భుజం మీద చెయ్యేసి ఏదో రహస్యం చెబుతున్న రాఘవమ్మ, మాట సగంలో ఆపి ఆయన వంక చూసి, "తలుపెయ్యండి, చల్లగాలి పోద్ది, ఇయ్యాల మన కారు వంతు," అంది.