ప్యాషన్ అంటే

ఆ ఒక్క ఇంగ్లీషు మాట మీదే పుల్లమ్మ ప్రాణం ఆధారపడి ఉంది.

పంతొమ్మిది వందల నలభై నాలుగు. గుంటూరు నుంచి నరసరావుపేట క్యాంపుకొచ్చిన జడ్జి దొరకు తెలుగు రాదు. ప్రాసిక్యూటరు వాంగ్మూలం చదివాడు. "ప్యాషన్‌తో కొట్టాను" అని ఉంది అందులో.

పుల్లమ్మ దుర్గి ఊళ్ళో రాళ్ళక్వారీలో కూలి. సూపర్‌వైజరు శ్రీమన్నారాయణను సుత్తితో ఒకే ఒక్క దెబ్బ కొట్టింది. అతను చనిపోయాడు. ఆ రోజు ఆమె తెలుగులో చెప్పింది. గుమాస్తా ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ తర్వాత ఆమె నోరు విప్పలేదు.

"ప్యాషన్ అంటే మోహం," అన్నాడు ప్రాసిక్యూటరు. "ఈమె అతన్ని కోరుకుంది. అతను కాదన్నాడు. అందుకే చంపింది. ఉరి తప్ప వేరే శిక్ష లేదు."

వెనక బెంచీలో ధనుంజయరావు మాస్టారు కూర్చుని ఉన్నారు. మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఒక్క వాయిదా కూడా తప్పకుండా వస్తున్నారు. ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అంతా సజావుగా ముగిసిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు.

లేవబోతే భార్య ప్రభావతమ్మ కండువా పట్టుకుంది. "కూర్చోండి. మీకెందుకు?"

ఆయన కండువా వదిలేసి నిలబడ్డారు. ఇంగ్లీషులో అన్నారు. "అయ్యా, ఆ మాటకు అసలు అర్థం అది కాదు."

ప్రాసిక్యూటరు మొహం పాలిపోయింది. "మాస్టారూ, మీరు కూర్చోండి."

"చెప్పనివ్వండి," అన్నారు జడ్జి.

"అది లాటిన్ నుంచి వచ్చిన మాట. మోహమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. మొదట్లో దాని అర్థం బాధ పడటం. సిలువ మీద క్రీస్తు పడ్డ బాధను మీరు ఆ మాటతోనే చెబుతారు."

దొర చేతిలో కలం ఆగింది.

"నేను క్వారీకి వెళ్ళి చూసినవాళ్ళను అడిగాను. జ్వరంతో కూలబడ్డ ఈమె మొగుణ్ణి సూపర్‌వైజరు రొమ్ము మీద తన్నాడు. ఈమె కళ్ళ ముందే ఆ మనిషి ప్రాణం పోయింది. అప్పుడు ఈమె అన్నది ఒకటే మాట. గుమాస్తా ప్యాషన్ అని రాసింది దాన్నే." ఆ మాట మాత్రం తెలుగులో పలికారు. "కడుపు కాలిపోయింది."

బోనులో పుల్లమ్మ తలెత్తింది.

"అంతే సామీ," అంది. "కడుపు కాలిపోయింది. ఇంకేంది చెప్పేది."

వెనక ప్రభావతమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇదంతా రికార్డు చెయ్యమన్నారు జడ్జి. మాస్టారి చేత ప్రమాణం చేయించి, దొరతో గుంటూరు నుంచి వచ్చిన క్లర్కు కొత్త కాగితం తీసుకున్నాడు. పేరు, వయసు రాసుకున్నాడు.

"ముద్దాయికి మీరేమవుతారు?"

"ఏమీ కాను," అన్నారు మాస్టారు. "శ్రీమన్నారాయణ మా అబ్బాయి."