పంచ్ పోయిన సర్పంచ్

"నీల్లు లావు! మిలప ఎయ్యొద్దు!" అని సర్పంచ్ అమరేశ్వరరావు మైకు అదిరిపోయేలా అరిచాడు.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద కూర్చున్న రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరివీ సాగర్ కాలవ చిట్టచివరి పొలాలే. మిరపనారు పోసుకుని, నీళ్ళెప్పుడొస్తాయో తేల్చమని వచ్చారు.

"ఏందిరా, నీళ్ళు లావంటాడు? అసలొస్తే గదా, లావో సన్నమో తెలిసేది!" అన్నాడు మహబూబ్.

అమరేశ్వరరావు ఈమధ్యే పళ్ళకి క్లిప్పులు వేయించుకున్నాడు. ఫ్లెక్సీల్లో తనకంటే తన పళ్ళే ముందు నిలబడుతున్నాయని, ఎన్నికల్లోపు వాటిని వెనక్కి తగ్గిద్దామని నరసరావుపేట వెళ్ళి మరీ బిగించుకొచ్చాడు. పళ్ళు దారికొస్తున్నాయి గానీ పలుకు దారి తప్పింది. క్లిప్పులు ఆయన నోట్లో, ఆయన మాట్లాడిన క్లిప్పులు ఊరందరి ఫోన్లలో! సర్పంచ్‌లో సర్ మిగిలాడు, పంచ్ పోయింది. అందుకే తన మాట జనానికి విడమరిచి చెప్పమని నాగార్జునని పక్కన నిలబెట్టుకున్నాడు. అలా అనుచరుడు కాస్తా అనువాదకుడయ్యాడు.

నాగార్జున మైకు అందుకుని ముందు వరస వైపు చూశాడు. నీళ్ళు రావని చెబితే మొదటి దెబ్బ పడేది చెప్పినవాడికే.

"అన్న ఏమంటన్నాడంటే... నీళ్ళు లావుగా వస్తయ్యంట! చివరి తూము దాకా వస్తయ్యంట! మిరప ధైర్యంగా ఏసుకోమంటన్నాడు!"

చప్పట్లు మోగాయి. అమరేశ్వరరావు నోట్లో తీగలు తెగినంత పనైంది.

"ఒలేయ్! నేను తెప్పింది అది కాదు! నీల్లు ఎక్కల్నుంతి వత్తయ్‌లా?"

"నీళ్ళు ఎక్కణ్నుంచి వస్తయ్యని అడుగుతారేమో, అంటన్నాడు! పైన మోటార్లు పెట్టి కాలవంతా తోడేస్తన్నారు గదా, అయ్యన్నీ పీకించేస్తాడంట!"

ఈలలు పడ్డాయి. పైన ఉన్న మోటార్లలో పెద్దవి సర్పంచ్‌వేనని షామియానా గుంజలక్కూడా తెలుసు.

"నా మోతాల్లు తీత్తావా? నీ తల తీత్తా!"

"ముందు నా మోటార్లే తీస్తా, అంటన్నాడు! అడ్డమొచ్చినోడి తల తీస్తాడంట!"

అమరేశ్వరరావు మైకు లాక్కోబోయాడు. జనం దాన్ని ఆవేశం అనుకుని ఆయన్ని అమాంతం భుజాల మీదికెత్తుకున్నారు.

"దింపంద్లా నన్ను!"

"దిగండ్రా కాలవలోకి, అంటన్నాడు!"

అంతే! మహబూబ్ ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. పొద్దుగూకేసరికి సర్పంచ్ గారి మోటార్లు పళ్ళూడిన దవడల్లా కాలవ గట్టు మీద పడి ఉన్నాయి. చివరి తూములో నీళ్ళు గలగలమన్నాయి. ముసలి వీరరాఘవమ్మ తన చేలోకి దిగి, ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని, మాయమైపోతాయేమోనని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అటు అమరేశ్వరరావు నరసరావుపేటలో దంతాల డాక్టర్ ఇష్రత్ కుర్చీలో పడి నోరు తెరిచాడు.

"తియ్యమ్మా! ఇప్పుదే తియ్యి!"

"ఇప్పుడు తీస్తే పళ్ళు మళ్ళీ ముందుకొస్తాయండీ" అంది డాక్టరమ్మ.

"పల్లు వత్తే లానీ! వాదు ముందుకొత్తన్నాదు!"

"ఎవరు సార్?"

"నా నోలు!"

డాక్టరమ్మకి సగమే అర్థమైంది. ఆ సగానికే భయమేసి పటకారు అందుకుంది. తీగలన్నీ ఊడొచ్చాక ఆయన గోడనున్న అద్దం ముందు నిలబడి "సర్పంచ్, సర్పంచ్" అని అనుకుని చూసుకున్నాడు. సర్ దొరికాడు, పంచ్ దొరికింది. ఎన్నికలొస్తున్నాయి, ఇక దొరకాల్సింది నాగార్జున పీకే!

మర్నాడు అదే షామియానా, అదే మైకు.

"ఊరందరూ వినండి! నీళ్ళిస్తానని నేను అనలేదు. మోటార్లు పీకమని నేను చెప్పలేదు. సాయంత్రానికల్లా నా మోటార్లు మళ్ళీ కాలవలో ఉండాలి. ఈ నాగార్జున గాడు పచ్చి మోసగాడు. రేపు ఎన్నికల్లో నిలబడేది నేను. వీణ్ణి ముందు ఊళ్ళోంచి గెంటండి!"

ఒక్క అక్షరం జారలేదు, ఒక్క ఒత్తు తప్పలేదు. రోడ్డు మీద పోయే క్రోసూరు బస్సులోంచి కూడా జనం తలలు బయటపెట్టి విన్నారు.

షామియానా కింద నాగార్జున పారిపోదామని జనం కాళ్ళ మధ్య చెప్పులు వెతుక్కుంటున్నాడు.

వీరరాఘవమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. పాదాలకి చేలో బురద ఇంకా ఆరలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సర్పంచ్‌ని ఎగాదిగా చూసింది.

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఒరేయ్ మహబూబ్, నీకేమన్నా తెలిసిందా?"

"లేదు పెద్దమ్మా. చానా ముద్దముద్దగా ఉంది."

"ఏందీ?" అన్నాడు అమరేశ్వరరావు. "నేను తెలుగేగా మాట్లాడతంది!"

"ఇప్పుడు అసలే తెలవట్లా" అన్నాడు వెనకనుంచి ఎవరో. జనమంతా తలలు అడ్డంగా ఊపారు.

"అబ్బాయ్ నాగార్జునా, ఆ చెప్పులట్టా వదిలేసి ఇట్రా. సర్పంచ్ ఏమంటన్నాడో నువ్వు చెప్పు నాయనా" అంది వీరరాఘవమ్మ.

నాగార్జున నెమ్మదిగా వచ్చి మైకు అందుకున్నాడు. జనాన్ని చూశాడు. పారుతున్న కాలవని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అన్న ఏమంటన్నాడంటే... ఈసారి సర్పంచ్‌గా నన్ను నిలబడమంటన్నాడు."