చార్జింగు తోడు

తుఫానుకి తెల్లవారుజామునే కరెంటు పోయింది. మధ్యాహ్నానికల్లా కనకరత్నం ఇంట్లో, గుడ్లు పొదిగే పెట్టెలో బ్యాటరీ అడుగంటింది. అందులో ఇరవై నాటుకోడి గుడ్లున్నాయి. పిల్లలయ్యేది ఈ రోజే. పెట్టె చల్లబడిందంటే మూడు వారాల ఆశ పోయినట్టే.

ఇస్త్రీ పెట్టె నుంచి స్కూటరు దాకా అన్నిటికీ ఒకే కేబులు వచ్చాక, దేన్ని దేనికి తగిలించినా చార్జింగు ఎక్కుతుంది. అందుకే ఆ అపార్టుమెంటు ఆడవాళ్లు పాలలోకి తోడు అడిగినంత చనువుగా చార్జింగూ అడుగుతారు. ఆ మాటతోనే అడుగుతారు.

కనకరత్నం కేబులు పట్టుకుని ఎదురింటి తలుపు బాదింది. "వదినగారూ, కాస్త తోడిస్తారా?"

మంగతాయారు పెరుగు గిన్నెతో వచ్చింది.

"అయ్యో, ఆ తోడు కాదండీ! గుడ్లు చల్లారిపోతున్నాయి!"

"ముందే చెప్పొద్దూ!" అంటూ మంగతాయారు కిందికి పరుగెత్తి, మొగుడి స్కూటరు బ్యాటరీ ఊడదీసి మోసుకొచ్చింది.

"మరి రేపు అన్నయ్యగారు ఆఫీసుకెలా వెళ్తారు?"

"నడుస్తారు. పొట్టయినా తగ్గుద్ది."

కేబులు తగిలించగానే పెట్టెలో దీపం వెలిగింది. ఇద్దరూ పెట్టె అద్దానికి ముఖాలు ఆనించి కూర్చున్నారు. గంట గడిచాక ఒక గుడ్డు కదిలింది. పెంకు చిట్లి, చిన్న ముక్కు బయటికొచ్చింది. కనకరత్నం పెట్టె ముందు నుంచి కదల్లేదు.

మంగతాయారు మాత్రం గుమ్మంలోకి పరుగెత్తి కేకేసింది. "ఏవండోయ్, రండి! మీ స్కూటరు పిల్లని కన్నది!"